గీతా, గట్టా? మీ రోడ్డుకు ఎలాంటి సైకిల్ దారి అడగాలి

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ రాత్రి ఎనిమిదింటికి సైకిల్ తీస్తాడు. మెయిన్ రోడ్డు మీద కిలోమీటరున్నర దూరంలో ఉన్న ట్యూషన్ నుంచి కూతుర్ని తీసుకురావాలి. తిరిగొచ్చే దారిలో ఒకచోట వాన నీటి కాలువ మీద ఇనుప జాలీ ఉంది. దాని సందులు రోడ్డు పొడవునా, అంటే చక్రం వెళ్లే దిక్కులోనే ఉన్నాయి. సైకిల్ టైరు అందులో దిగిందంటే మనిషి బోర్లా పడాల్సిందే. అందుకే అక్కడికి రాగానే అతను దిగుతాడు, పాపను దింపుతాడు. వెనక బస్సు హారన్ కొడుతుంటే సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ జాలీ దాటించి, మళ్లీ పాపను ఎక్కించుకుంటాడు.

మా కాలనీ తరఫున సైకిల్ ట్రాక్ కావాలని అర్జీ పెట్టాం. కొన్ని నెలలకు వచ్చింది. రోడ్డు ఎడమ అంచున పచ్చ రంగు, దాని మీద తెల్లగా సైకిల్ బొమ్మ. ఆ జాలీ సరిగ్గా పచ్చ రంగు మధ్యలో ఉంది. రంగు వేశాక కూడా వాచ్‌మన్ అక్కడ దిగడం మానలేదు.

అర్జీలో మేం రాసింది "సైకిల్ ట్రాక్ వేయించగలరు" అని ఒక్క ముక్క. అడిగిందే ఇచ్చారు. ఎన్ని రకాలున్నాయో, మా రోడ్డుకు ఏది సరిపోతుందో మాకే తెలియదు. ఆ తర్వాత చదివి, తిరిగి, నలుగురితో మాట్లాడి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ కాలనీ సంఘమో, స్కూలు తల్లిదండ్రుల గ్రూపో, ఆఫీసు మిత్రులో ఇలాంటి అర్జీ పెట్టబోతుంటే మాలాగా కాకుండా తేల్చుకుని అడుగుతారని.

## ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు వేగం. మీ రోడ్డు మీద బండ్లు నిజంగా ఎంత వేగంతో పోతున్నాయో తెలియకుండా ఏ దారి కావాలో చెప్పలేం. కొలవడానికి మిషన్లు అక్కర్లేదు. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం టేపుతో కొలిచి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టండి. దూరం 30 మీటర్లయితే, కారు దాన్ని దాటడానికి 3.6 సెకన్లు పట్టిందంటే వేగం గంటకు 30 కిలోమీటర్లు. రెండు సెకన్లకు కాస్త పైన పట్టిందంటే 50. పొద్దున ఒక ఇరవై బండ్లు, రాత్రి తొమ్మిది దాటాక ఒక ఇరవై బండ్లు చూస్తే చాలు. పగలు ట్రాఫిక్‌లో పాకే రోడ్డే రాత్రి రేసుకోర్సులా ఉంటుంది.

ఈ రెండు అంకెలు ఎందుకంటే, 30 వేగంతో వస్తున్న కారు డ్రైవరు ప్రమాదం గమనించి బ్రేకు తొక్కి ఆగేలోపు సుమారు 13 మీటర్లు ముందుకొస్తుంది. 50 వేగంలో అదే సుమారు 28 మీటర్లు. 20 మీటర్ల ముందు ఒక పిల్ల అడ్డం వస్తే మొదటి కారు ఆగుతుంది, రెండోది ఆగదు. దెబ్బ తీవ్రత కూడా వేగంతో సమానంగా పెరగదు. 50లో ఉన్న బండికి 30లో ఉన్న బండి కంటే దాదాపు 2.8 రెట్ల శక్తి ఉంటుంది. మనుషులు, బండ్లు కలిసి తిరిగే వీధుల్లో వేగం 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు ప్రకటించింది కూడా ఇందుకే.

రెండోది నేను పెట్టుకున్న పరీక్ష. పన్నెండేళ్ల ఆడపిల్ల ఈ దారిలో ఒంటరిగా స్కూలుకు వెళ్లిరాగలదా? వాళ్లమ్మ టెన్షన్ పడకుండా పంపించగలదా? హెల్మెట్, గ్లౌజులు, గేర్ల సైకిలు ఉన్న ముప్పై ఏళ్ల మనిషి ఎలాంటి రోడ్డు మీదైనా ఎలాగోలా నెట్టుకొస్తాడు. దారి కట్టాల్సింది అతన్ని చూసి కాదు. పాప వెళ్లగలిగితే వాచ్‌మన్, పేపర్ బాయ్, కూరగాయల సంచి తగిలించుకున్న అరవై ఏళ్ల పెద్దాయన, అందరూ వెళ్లగలరు.

మూడోది కబ్జా. మన ఊళ్లలో ఖాళీగా కనిపించిన జాగా గంటసేపు కూడా ఖాళీగా ఉండదు. కారు నిలుస్తుంది, బజ్జీల బండి వస్తుంది, రాంగ్ రూట్‌లో బైకు దూరుతుంది. ఎవరినో తిట్టడానికి ఈ మాట రాయడం లేదు. బజ్జీల బండికీ బతకడానికి జాగా కావాలి. ఆ జాగా ఎక్కడో ముందే చూపించని డిజైను నిలబడదు.

ఆ తర్వాత జంక్షన్లు, బస్టాపులు, వాన నీళ్లు, ఈ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందన్న సంగతి. ఖర్చును చివరన పెట్టాను. చవకగా వేసి ఎవరూ వాడని దారి కంటే దండగ మరొకటి లేదు.

## గీత గీసి, రంగు వేసిన దారి

అందరికీ ముందుగా దొరికేది ఇదే. రెండు రోజుల్లో అయిపోతుంది, రోడ్డు తవ్వక్కర్లేదు, ఫొటోలో బాగుంటుంది. బండ్లు 30 లోపు పోయే, పార్కింగ్ లేని, బస్సులు తిరగని రోడ్డయితే కొంత పనికొస్తుంది. ఇక్కడ సైకిళ్లు ఉంటాయని డ్రైవరుకు గుర్తు చేస్తుంది.

50 వేగం ఉన్న రోడ్డు మీద మాత్రం ఇది సైకిల్ దారి కాదు. మా రోడ్డు మీద నేను ఒక సాయంత్రం లెక్కపెట్టాను. ముప్పావు కిలోమీటరులో పచ్చ రంగు మీద పదకొండు కార్లు ఆగి ఉన్నాయి. ఒక్కొక్క కారు దగ్గరికి రాగానే సైకిల్ వాడు కుడివైపు ట్రాఫిక్‌లోకి తిరగాలి, కారు దాటాక మళ్లీ లోపలికి రావాలి. వెనక వచ్చే బండి వాడికి మనం ఎప్పుడు బయటికొస్తామో తెలియదు. రంగు లేని రోజుల్లో ఒకే వరుసలో తిన్నగా పోయేవాళ్లం. అంటే రంగు వచ్చాక ప్రమాదం తగ్గకపోగా ఆ పదకొండు చోట్ల పెరిగింది. ఇంకో సంగతి, వానలో తడిసిన రోడ్డు పెయింట్ మీద సన్నటి టైరు జారుతుంది. ముఖ్యంగా మలుపుల్లో.

మీ ఊళ్లో పెద్ద రోడ్డుకు గీత ఒక్కటే ఇస్తామంటే, వద్దని చెప్పడానికి వెనకాడకండి. ఒకసారి గీత పడితే "మీకు ట్రాక్ ఇచ్చాంగా" అనే మాట వస్తుంది. ఆ ఫైలు మళ్లీ తెరవడానికి ఏళ్లు పడుతుంది.

## ప్లాస్టిక్ స్తంభాలు నాటిన దారి

గీత మీద కొద్ది దూరానికొకటి వంగే ప్లాస్టిక్ స్తంభాలు బిగిస్తారు. 2020లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద, అంతకుముందు ఏడాదే వచ్చిన బస్సుల లేన్ పక్కన ఇలాంటిదే పెట్టారు. కొన్నాళ్లు బాగా కనిపించింది. తర్వాత బండ్లు గుద్ది స్తంభాలు విరిగాయి, విరిగిన చోట మళ్లీ నాటేవాళ్లు లేకపోయారు, మెట్రో పనుల్లో దారే కనుమరుగైంది.

అయినా దీన్ని నేను కొట్టిపారేయను. ప్రయోగానికి ఇంతకంటే మంచిది లేదు. ఆరు నెలలు స్తంభాలతో నడిపి, సైకిళ్లు లెక్కపెట్టి, బస్టాపు దగ్గర ఏం ఇబ్బంది వస్తోందో చూసి, ఆ తర్వాత గట్టు కట్టొచ్చు. అర్జీలో మాత్రం రెండు విషయాలు రాయించుకోవాలి. విరిగిన స్తంభాన్ని ఎన్ని రోజుల్లో మారుస్తారు? ఏ తేదీ నాటికి గట్టు కడతారు? ఆ రెండూ లేకపోతే ఏడాది తిరిగేసరికి గీత మాత్రమే మిగులుతుంది.

## గట్టు కట్టిన దారి

పెద్ద రోడ్డుకు అడగాల్సింది ఇదే. బండ్ల రోడ్డుకూ సైకిల్ దారికీ మధ్య సిమెంటు గట్టు, లేదా మొక్కల పట్టీ, లేదా దారినే రోడ్డు కంటే కొంచెం ఎత్తులో కట్టడం. కోపెన్‌హాగన్‌లో చాలాచోట్ల మూడో రకమే. రోడ్డు ఒక ఎత్తు, సైకిల్ దారి దానికి కాస్త పైన, ఫుట్‌పాత్ ఇంకాస్త పైన. న్యూయార్క్‌లో 2007లో తొమ్మిదో అవెన్యూ మీద ఇంకో పద్ధతి చేశారు. పార్కింగ్ వరుసను రోడ్డు వైపుకు జరిపి, ఫుట్‌పాత్‌కూ ఆగిన కార్లకూ మధ్య సైకిల్ దారి పెట్టారు. ఆగిన కార్లే గోడలా కాపు కాస్తాయి. పార్కింగ్ తీసేయడం కుదరదని పట్టుబట్టే బజారు రోడ్లకు ఈ పద్ధతి అడగొచ్చు. కారు తలుపు తెరిస్తే సైకిల్‌కు తగలకుండా మధ్యలో మీటరు జాగా మాత్రం వదలాలి.

దీని కష్టాలు కూడా తెలుసుకుని అడగాలి. సైకిల్ పట్టే చోట బైకూ పడుతుంది. 2008లో ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా బస్సుల కారిడార్‌తో పాటు సైకిల్ దారి కట్టినప్పుడు ఈ సమస్యే వచ్చింది. ట్రాఫిక్ ఆగిపోతే బైకులు సైకిల్ దారిలోకి దూరేవి. ప్రవేశం దగ్గర స్తంభాలు పెడితే వేగం తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగవు. స్తంభాలు మరీ దగ్గరగా పెడితే వికలాంగుల మూడు చక్రాల బండి పట్టదు, కూరగాయల రిక్షా పట్టదు. అందుకని కెమెరా, చలానా రెండూ మొదటి నెల నుంచే ఉండాలి. అలవాటు పడ్డాక మాన్పించడం కష్టం.

వెడల్పు ఒకవైపు దారికి కనీసం రెండు మీటర్లు అడగండి. ఒకటిన్నర మీటరు ఇస్తే పాల క్యాన్లు కట్టుకున్న సైకిల్‌ను వెనక వచ్చే పిల్లలు దాటలేరు. దాటలేనివాళ్లు గట్టు దిగి రోడ్డెక్కుతారు. ఇక నీళ్లు. గట్టు కట్టి, దానికి సందులు వదలకపోతే మొదటి వానకే దారి కాలువ అవుతుంది. హైదరాబాద్ వానలు చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లు పోయే సందులు ఎన్ని మీటర్లకొకటి, జాలీల సందులు ఏ దిక్కులో అన్నది డ్రాయింగులోనే చూడండి.

గట్టు దారి ఒక ముక్క కట్టి వదిలేస్తే ఫలితం రాదు. స్పెయిన్‌లోని సెవిల్లె నగరం సంగతి నాకు నచ్చింది ఇందుకే. 2006 నుంచి వాళ్లు ముక్కలు ముక్కలుగా కాకుండా సుమారు 80 కిలోమీటర్ల దారిని ఒకదానికొకటి కలిసేలా కొద్ది కాలంలోనే కట్టేశారు. వేల పార్కింగ్ స్థలాలు తీసేశారు. ఊరి ప్రయాణాల్లో ఒక శాతం కూడా లేని సైకిల్ వాటా కొద్ది ఏళ్లలో సుమారు ఆరు శాతానికి చేరింది. సెవిల్లె యూరప్‌లోకెల్లా ఎండలు మండే ఊళ్లలో ఒకటి. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. "మన ఎండకు సైకిల్ ఎవరు తొక్కుతారండీ" అనేవాళ్లకు చెప్పడానికి ఈ ఉదాహరణ దగ్గర పెట్టుకోండి.

## ఊరవతల ట్రాక్

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ చాలామందికి తెలుసు. 2023 అక్టోబరు 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు, మొత్తం 23. వెడల్పు 4.5 మీటర్లు. పైకప్పు పలకలతో 16 మెగావాట్ల కరెంటు. నీడ ఉంది, వాన తడపదు, బండ్లు రావు. భద్రతలో దీనికి వంక పెట్టలేం. నేను మా పాపను తీసుకెళ్లి తొక్కించాను, దాని మొహంలో భయం లేకుండా సైకిల్ తొక్కడం అక్కడే మొదటిసారి చూశాను.

కానీ అక్కడికి మేం సైకిల్ మీద వెళ్లలేదు. రెండు సైకిళ్లు కారు వెనక కట్టుకుని వెళ్లాం. ఇంటికీ ఆ ట్రాక్‌కూ మధ్య ఉన్న రోడ్లు నేను పెట్టుకున్న పన్నెండేళ్ల పాప పరీక్షలో నెగ్గలేదు. ఆదివారం వ్యాయామానికి, నేర్చుకోవడానికి ఇలాంటివి మంచివే. మీ కష్టం రోజూ స్కూలుకో పనికో వెళ్లడం అయితే, ఇలాంటి ట్రాక్ ఇంకొకటి అడగడం కంటే ఉన్న ట్రాక్‌కు కాలనీల నుంచి గట్టు దారులు అడగడం మేలు.

ఇదే రకం దారి ఊరి మధ్యలో పడితే కథ వేరు. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నడిబొడ్డు నుంచే పోతున్నాయి. కాలువ గట్టు వెంట జంక్షన్లు తక్కువ. అలాంటి జాగా ఉన్న ఊరివాళ్లు దాన్ని వదులుకోకూడదు. దీపాలు మాత్రం గట్టిగా అడగండి. చీకటి పడ్డాక ఆడవాళ్లు వెళ్లలేని దారి సగం దారే.

## దారే లేని దారి: వేగం తగ్గించిన వీధి

కాలనీ లోపలి వీధులకు సైకిల్ ట్రాక్ అడగకండి. ఈ మాట మా సంఘంలో చెప్పినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఇరవై, ముప్పై అడుగుల వీధిలో ట్రాక్‌కు జాగా ఎక్కడిది? అక్కడ కావాల్సింది బండ్ల వేగం 20, 30కి దిగడం. వీధి మొదట్లో రోడ్డును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపడం, మలుపులు ఇరుకు చేయడం, సరైన కొలతల్లో స్పీడ్ బ్రేకర్లు వేసి రంగు కొట్టడం, కాలనీని అడ్డదారిగా వాడుకునే బండ్లు ఒక కొస నుంచి మరో కొసకు దూసుకుపోకుండా మధ్యలో ఒకచోట సైకిళ్లకు, మనుషులకు మాత్రమే సందు వదలడం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

నెదర్లాండ్స్ అనగానే ట్రాకులే గుర్తొస్తాయి గానీ అక్కడా నివాస వీధుల్లో చాలావాటికి విడి దారి ఉండదు. బండ్లే నెమ్మదిగా పోతాయి. అది వాళ్లకు పుట్టుకతో వచ్చింది కూడా కాదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లులు, తండ్రులు "పిల్లల హత్యలు ఆపండి" అంటూ వీధుల్లో బైఠాయించారు. ఆ తర్వాతే రోడ్లు మారాయి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| రకం | ఎక్కడ సరిపోతుంది | కబ్జా భయం | వానాకాలం | పన్నెండేళ్ల పాప ఒంటరిగా? |
|---|---|---|---|---|
| గీత, రంగు | 30 లోపు వేగం, పార్కింగ్ లేని రోడ్డు | చాలా ఎక్కువ | తడిస్తే జారుతుంది | పెద్ద రోడ్డు మీద వద్దు |
| ప్లాస్టిక్ స్తంభాలు | ప్రయోగానికి, కొద్ది నెలలకు | విరిగేదాకా తక్కువ | రోడ్డు ఎలా ఉంటే అలా | పగలు, పెద్దల తోడుతో |
| గట్టు దారి | 40, 50 వేగం, బస్సులు తిరిగే రోడ్డు | బైకులు దూరొచ్చు | నీటి సందులు ఉంటేనే బాగు | జంక్షన్లు సరిచేస్తే వెళ్లగలదు |
| ఊరవతల ట్రాక్ | వ్యాయామం, కాలువ గట్లు | లేదు | కప్పు ఉంటే మేలు | ట్రాక్ మీద సరే, అక్కడికి చేరడం కష్టం |
| వేగం తగ్గిన వీధి | కాలనీలు, స్కూలు పరిసరాలు | ఆ సమస్య రాదు | మామూలే | వెళ్లగలదు |

## జంక్షను దగ్గర తేలుతుంది

దారి మధ్యలో ఎంత గట్టి గోడ కట్టినా, సైకిల్ వాడికి అసలు గండం జంక్షనే. డ్రాయింగు మీ చేతికొస్తే తిన్నగా ఉన్న ముక్కను వదిలేసి ముందు జంక్షన్ చూడండి. చాలా డ్రాయింగుల్లో పచ్చ గీత జంక్షనుకు ముప్పై మీటర్ల ముందు ఆగిపోయి, అవతల మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్యలో ఏం చేయాలో సైకిల్ వాడికే వదిలేస్తారు.

మన దగ్గర ఫ్రీ లెఫ్ట్ ఇంకో గండం. ఎడమకు తిరిగే బండి ఆగదు, చూడదు, తిన్నగా వెళ్లే సైకిల్‌ను కోసుకుంటూ పోతుంది. అక్కడ మలుపును ఇరుకు చేసి, సైకిల్ దారిని, జీబ్రా క్రాసింగ్‌ను రోడ్డు కంటే ఎత్తులో కట్టమని అడగండి. స్పీడ్ బ్రేకర్ ఎక్కినట్టు బండి ఎక్కి దిగాలి. అప్పుడు డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్తుంది.

బస్టాపు దగ్గర సైకిల్ దారి స్టాపు వెనక నుంచి పోవాలి, ముందు నుంచి కాదు. బస్సు ఎక్కేవాళ్లు స్టాపు గట్టు మీద నిలబడతారు, సైకిళ్లు వాళ్ల వెనక నెమ్మదిగా పోతాయి. ఇలా చేయకపోతే బస్సు ప్రతి ట్రిప్పులో సైకిల్ దారిలోకి దూరాలి, లేదంటే రోడ్డు మధ్యలో ఆగాలి. సైకిల్ కోసం బస్సును ఇబ్బంది పెట్టే డిజైను ఎవరిచ్చినా ఒప్పుకోకండి.

## మీరు ఎవరైతే ఏది ముఖ్యం

స్కూలు పిల్లల తల్లిదండ్రులైతే ఊరంతా అడగొద్దు. స్కూలు గేటు చుట్టూ ఒక కిలోమీటరు పట్టుకోండి. లోపలి వీధుల్లో వేగం తగ్గింపు, పెద్ద రోడ్డు దాటే ఒక్క చోట ఎత్తయిన క్రాసింగ్. ఈ రెండూ అయితే సగం మంది పిల్లలు వ్యాను మానేయగలరు.

ఆఫీసుకు వెళ్లేవాళ్లయితే సైకిల్‌ను బస్సుతో, మెట్రోతో కలిపి ఆలోచించండి. నాదే చెబుతాను. హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీకి రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు. మెట్రోలో వెళ్లాలంటే ముందు అమీర్‌పేట దాకా పోయి, అక్కడ బ్లూ లైన్‌కు మారి వెనక్కి రావాలి. 15 కిలోమీటర్లకు పైగానే తిరగాలి. మెట్రో మంచిదే, 2017 నవంబరు నుంచి ఊరిని చాలా మార్చింది. కానీ 69 కిలోమీటర్ల మూడు లైన్లు అందరి దారికీ సరిపోవు. నాకు బస్సు నేరుగా ఉంది గానీ జేఎన్‌టీయూ జంక్షన్ దగ్గర ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం. సైకిల్ మీద అదే దూరం అరగంట. ఎప్పుడు చేరతానో ముందే తెలుసు. ఆ అరగంటలో హైటెక్ సిటీ రైల్వే వంతెన కింద గడిచే రెండు నిమిషాలే నన్ను భయపెడతాయి.

మీ ఇంటి నుంచి ఆఫీసు ఆరేడు కిలోమీటర్ల లోపైతే గట్టు దారి అడగండి. పదిహేను దాటితే స్టేషను దాకా దారి, స్టేషన్లో కెమెరా, కప్పు ఉన్న సైకిల్ స్టాండు అడగండి. సైకిల్ పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవరూ అక్కడ పెట్టి రైలెక్కరు.

దుకాణం ఉన్నవాళ్లయితే పార్కింగ్ పోతే గిరాకీ పోతుందన్న భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. ఒక కారు ఆగే జాగాలో ఎనిమిది, పది సైకిళ్లు పడతాయి. సామాను దించే లారీకి పొద్దున ఒక సమయం, పక్క సందులో లోడింగ్ జాగా రాసి ఉండేలా చూసుకోండి. సంఘాలు దుకాణదారుల దగ్గరికి అర్జీ పెట్టకముందే వెళ్లాలి. పనులు మొదలయ్యాక వెళ్తే ఆ మాటలు పోట్లాటగానే ముగుస్తాయి.

సైకిల్ ఎక్కని, ఎక్కలేనివాళ్లకు దీంతో ఏం పని? అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం లెక్క ప్రకారం, మూడు మీటర్ల రోడ్డు పట్టీ కార్లకిస్తే గంటకు 600 నుంచి 1,600 మంది దాటుతారు. అదే సైకిళ్లకిస్తే 7,500 దాకా, బస్సులకే వదిలితే 4,000 నుంచి 8,000. సైకిల్‌కు మారిన ప్రతి మనిషీ మీ బస్సు ముందు నుంచి ఒక బండిని తీసేసినట్టే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. టికెట్ ఖర్చు తప్పింది. ఇంటి నుంచి బస్టాపు దాకా ఫుట్‌పాత్ లేని ఆ అర కిలోమీటరు మాత్రం అలాగే ఉంది. అర్జీలో సైకిల్ దారితో పాటు ఫుట్‌పాత్, బస్టాపు మూడూ ఒకే పేరాలో రాయండి. విడివిడిగా రాస్తే ఒకదాని జాగా తీసి ఇంకోదానికిస్తారు. దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, ప్రతి అయిదుగురిలో ఒకరు దాదాపుగా నడిచి వెళ్తున్నవాళ్లే. ఫుట్‌పాత్‌ను తగ్గించి కట్టే సైకిల్ దారిని నేను సమర్థించను.

## అర్జీ ఎలా రాయాలి

"సైకిల్ ట్రాక్ వేయించగలరు" అని రాయకండి. ఏ రోడ్డు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రకం, ఎంత వెడల్పు, జంక్షన్లో ఏం చేయాలి, బస్టాపులో ఏం చేయాలి అన్నది రాయండి. మీరు కొలిచిన వేగాలు ఒక కాగితం మీద జత చేయండి. ఒక గంటలో ఎన్ని సైకిళ్లు వెళ్లాయో పొద్దున ఐదున్నరకు లెక్కపెట్టండి, తొమ్మిదికి కాదు. పాలు, పేపర్లు, కూలి పనులు, హోటల్ పనులు అన్నీ తెల్లవారుజామునే కదులుతాయి. మా రోడ్డు మీద సైకిళ్లే లేవన్నవాళ్లు ఆ సమయంలో ఎప్పుడూ బయటికి రానివాళ్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో సగం ఇళ్లలో సైకిల్ ఉందని తేలింది. కారు ఉన్నవి వందలో ఏడెనిమిది ఇళ్లే.

చట్టం కూడా రాయండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణల్లో 138(1ఎ) సెక్షన్ పాదచారులు, ఇంజను లేని బండ్ల కోసం నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకిచ్చింది. ఆ నియమాలు చేయమని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. 198ఎ సెక్షన్ కింద, ప్రమాణాలు పాటించని రోడ్డు వల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరుకు, బాధ్యుడైన అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. బెదిరించినట్టు కాకుండా, మీకు తెలుసని తెలిసేలా ఒక వాక్యం చాలు.

సమయం చూసుకోండి. రోడ్డు మళ్లీ వేయడానికి, పైపులైను తవ్వడానికి టెండరు పిలవకముందే అర్జీ అందాలి. ఎలాగూ తవ్వుతున్నప్పుడు గట్టు కట్టడానికి అయ్యే ఖర్చు, కొత్తగా వేసిన రోడ్డును పగలగొట్టి కట్టే ఖర్చులో చిన్న ముక్క.

గట్టు దారికి ఏడాదో రెండేళ్లో పట్టొచ్చు. ఈలోపు ఖర్చు లేనివి విడిగా అడగండి, ఒక్కో కాగితం మీద ఒక్కటే. మా రెండో అర్జీ అలాంటిదే. నాలుగు వాక్యాలు, జాలీ ఫొటో, దాని పక్కన స్తంభం నంబరు. మూడు వారాలకు ఇద్దరు మనుషులు గడ్డపారలతో వచ్చారు. జాలీ పైకి లేపి, అంచులు కాస్త చెక్కి, అడ్డంగా తిప్పి మళ్లీ కూర్చోబెట్టారు. అరగంట పని. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు నేను గేటు బయటే ఉన్నాను. వాచ్‌మన్ దూరం నుంచి వస్తూ అలవాటుగా బ్రేకు పట్టాడు, ఒక కాలు కిందికి దించబోయాడు, కిందికి చూశాడు. కాలు మళ్లీ పెడల్ మీద పెట్టాడు. జాలీ మీద చక్రం టకటకమంది. వెనక పాప వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని కూర్చునే ఉంది.